పాత ఫోన్‌నే వాడుకోవాలా, కొత్తది కొనాలా? విశాఖ వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంవీపీ కాలనీలో మా ఇరుగుపొరుగు వారు, గాజువాక, మధురవాడల నుంచి వచ్చే బంధువులు తమ ఫోన్ చేతికిచ్చి అడిగే సందేహాలు కొన్నేళ్లుగా దాదాపు ఒక్కటే. ఆ ప్రశ్నలను వారి మాటల్లోనే ఉంచి, జవాబులను ఒకచోట రాస్తున్నాను. ఏ ప్రశ్న అవసరమైతే నేరుగా ఆ ప్రశ్ననే చదువుకోవచ్చు.

## మార్చాలా అన్న ఆలోచన మొదలైనప్పుడు

ఫోన్ కొని నాలుగేళ్లు దాటింది, బాగానే పనిచేస్తోంది. అయినా మార్చాలా?

వయసు ఒక్కటే చూసి ఫోన్ మార్చనక్కర్లేదు. ఆ ఫోన్‌కు భద్రతా అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా, ఉదయం నింపిన బ్యాటరీ మీ రోజుకు సరిపోతోందా, మీ బ్యాంకు యాప్‌తో సహా మీకు తప్పనిసరైన యాప్‌లన్నీ అందులో నడుస్తున్నాయా అన్న మూడు విషయాలు చూడండి. మూడింటికీ అవునన్న జవాబు వస్తే ఆ ఫోన్‌ను నిశ్చింతగా వాడుకోవచ్చు. బ్యాటరీ ఒక్కటే సరిపోవడం లేదంటే అది మరమ్మతుతో తీరే లోపం. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయి, అదే ఫోన్‌తో డబ్బు లావాదేవీలు చేస్తున్నట్లయితే మాత్రం, ఫోన్ పైకి ఎంత కొత్తగా కనిపించినా మార్చే ఆలోచన చేయాలి. నా అనుభవంలో చాలామంది కెమెరా పాతబడిందని ఫోన్ మారుస్తున్నారు గాని, అప్‌డేట్లు ఆగిపోయాయని మార్చేవారు అరుదు.

సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయని ఎలా తెలుస్తుంది? ఆగిపోతే ఏమవుతుంది?

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, అబౌట్ ఫోన్‌లో ఆండ్రాయిడ్ వెర్షన్ లేదా సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్ అన్న చోట నొక్కితే, సెక్యూరిటీ అప్‌డేట్ లేదా సెక్యూరిటీ ప్యాచ్ అన్న పేరు పక్కన ఒక తేదీ కనిపిస్తుంది. ఆ తేదీ రెండు మూడు నెలల లోపుదైతే ఇబ్బంది లేదు. ఏడాది దాటిపోయి, అప్‌డేట్ కోసం వెతికినా ఏమీ రాకపోతే తయారీ సంస్థ ఆ మోడల్‌ను వదిలేసిందని దాదాపుగా అనుకోవచ్చు.

అప్‌డేట్లు ఆగిన మరునాడు ఫోన్‌లో ఏ తేడా కనిపించదు, అందుకే ఈ సంగతిని ఎవరూ పట్టించుకోరు. అయితే ఆండ్రాయిడ్‌లో బయటపడిన లోపాల జాబితాను గూగుల్ క్రమం తప్పకుండా ప్రచురిస్తుంది. వాటికి చేసిన సవరణలను ఫోన్ తయారీదారు తన మోడళ్లకు సర్దుబాటు చేసి పంపాలి. ఆ పంపడం ఆగిపోయిందంటే, లోకమంతటికీ తెలిసిన లోపాలు మీ ఫోన్‌లో మూతపడకుండా మిగిలిపోయాయన్న మాట. ఆండ్రాయిడ్ 10, ఆ తరువాతి వెర్షన్లతో వచ్చిన ఫోన్లలో కొన్ని భాగాలను గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ పేరుతో గూగుల్ నేరుగా సరిచేయగలదు. అయితే ఫోన్‌లోని చిప్‌కు సంబంధించిన సాఫ్ట్‌వేర్ లోపాలు ఆ దారిలో తీరవు. ప్యాచ్ తేదీ ఏడాది దాటిన ఫోన్‌లో బ్యాంకు యాప్ ఉంచవద్దని మా ఇంట్లోవారికి నేను గట్టిగానే చెబుతాను.

అమ్మానాన్నలు మాట్లాడటానికి, వాట్సాప్ చూసుకోవడానికే వాడతారు. వాళ్లకు పాత ఫోన్ చాలదా?

చాలా సందర్భాల్లో చాలుతుంది, అయితే వాట్సాప్ ఆ ఫోన్‌లో నడుస్తుందో లేదో ముందు చూడాలి. వాట్సాప్ 2025 జనవరి నుంచి ఆండ్రాయిడ్ 4.4 ఫోన్లకు, అదే ఏడాది మే నుంచి ఐఓఎస్ 15.1 కంటే పాత వెర్షన్లు ఉన్న ఐఫోన్లకు మద్దతు నిలిపివేసింది; దానితో ఐఫోన్ 5ఎస్, 6, 6 ప్లస్ వాడేవారికి వాట్సాప్ అందకుండా పోయింది. రాష్ట్ర ప్రభుత్వ సేవలు 2025 జనవరిలో మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోకి వచ్చాక, ధ్రువపత్రాలకు దరఖాస్తు చేయడం వంటి పనులకు కూడా పెద్దవాళ్లు వాట్సాప్ మీదే ఆధారపడుతున్నారు. కాబట్టి దీన్ని కాలక్షేపపు యాప్‌గా చూడకూడదు.

ఇక భద్రత విషయం. పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో, బ్యాంకు కేవైసీ అనో పేరు పెట్టి ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు) పంపే మోసగాళ్ల వలలో పెద్దవాళ్లు ఎక్కువగా పడుతున్నారు. అటువంటి ఫైలును నొక్కితే కొత్త ఫోన్ కూడా పూర్తిగా కాపాడలేదు. పాత ఫోన్‌లో ప్రమాదం ఇంకా ఎక్కువ. తల్లిదండ్రుల ఫోన్‌కు అప్‌డేట్లు ఆగిపోతే, అందులో నుంచి యూపీఐ, బ్యాంకు యాప్‌లు తీసివేసి, మాటలకు, వాట్సాప్‌కు మాత్రం ఉంచడం మంచి మధ్యేమార్గం. పెన్షన్ ఖాతాతో ముడిపడిన నంబరుకు ఓటీపీ సందేశాలు ఆ ఫోన్‌కే వస్తున్నట్లయితే ఈ మార్గం కూడా చాలదు, అప్పుడు ఫోన్ మార్చడమే సబబు. మోసం జరిగిందని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోన్ చేయాలని వారికి ముందే చెప్పి ఉంచండి.

ఫోన్ బాగా నెమ్మదించింది. కొత్తది కొనక తప్పదా?

నా దగ్గరకు నెమ్మదించిందంటూ వచ్చే ఫోన్లలో చాలావరకు స్టోరేజీ నిండిపోయినవే. ఫోన్ లోపలి మెమరీ పూర్తిగా నిండే కొద్దీ కొత్త సమాచారం రాయడానికి ఖాళీ జాగా వెతుక్కోవలసి వస్తుంది, అందువల్ల ప్రతి పనీ ఆలస్యమవుతుంది. తక్కువ ధర ఫోన్లలో వాడే ఈఎంఎంసీ మెమరీ, ఖరీదైన వాటిలో ఉండే యూఎఫ్ఎస్ మెమరీ కంటే సహజంగానే నెమ్మది, కాబట్టి ఆ తేడా వాటిలో త్వరగా బయటపడుతుంది. మొత్తం స్టోరేజీలో ఐదో వంతు ఖాళీగా ఉంచగలిగితే ఫోన్ తేలికపడుతుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ అన్న చోట పెద్ద వీడియోలన్నీ వరుసగా కనిపిస్తాయి. కుటుంబ గ్రూపుల్లో రోజూ వచ్చే శుభోదయం చిత్రాలు, భక్తి వీడియోలు అక్కడే గిగాబైట్ల కొద్దీ పేరుకుపోయి ఉంటాయి.

నెమ్మదించడానికి బ్యాటరీ కూడా కారణం కావచ్చు. బ్యాటరీ అరిగిపోయిన ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా వాటి వేగాన్ని తగ్గిస్తున్నట్లు యాపిల్ సంస్థ 2017 డిసెంబరులో వెల్లడించింది. అటువంటి ఫోన్లకు కొత్త బ్యాటరీ వేస్తే పాత వేగం తిరిగి వస్తుంది.

స్టోరేజీ ఖాళీ చేసినా ఫలితం లేకపోతే, ఫోటోలు, చాట్లు భద్రపరచుకొని ఒకసారి ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అవసరమైన యాప్‌లు మాత్రమే తిరిగి వేసి వారం రోజులు వాడి చూడండి. అప్పటికీ ఫోన్ ఎత్తడానికి, స్కానర్ తెరవడానికి ఇబ్బందిగా ఉంటే ఇప్పటి యాప్‌లను మోసే శక్తి ఆ ఫోన్‌కు లేదని తేల్చుకోవచ్చు. ర్యామ్ 2 లేదా 3 జీబీ ఉన్న ఫోన్లు చివరకు ఇక్కడికే చేరుతున్నాయి.

మన సముద్రపు గాలి, ఉక్క ఫోన్‌ను త్వరగా పాడు చేస్తాయా?

చేస్తాయి, అయితే ఎక్కువ నష్టం మనం గమనించని చోట జరుగుతుంది. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, భీమిలి వంటి చోట్ల గాలిలో ఉండే ఉప్పు తేమ ఛార్జింగ్ పిన్ లోపలి లోహపు కొసలను తినేస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసే వారి ఫోన్లలో ఆ పిన్ పచ్చబడి ఉండటం నేను స్వయంగా చూశాను. ఛార్జింగ్ ఒక పక్కకు వంచితేనే ఎక్కుతోందంటే ఫోన్ పోయినట్లు కాదు. చాలాసార్లు పిన్‌లో చేరిన నూలు, దుమ్ము తీయిస్తే బాగవుతుంది. లేదంటే పిన్ ఒక్కటే మార్పిస్తే సరిపోతుంది.

నీటిని తట్టుకుంటుందని రాసి ఉన్న ఫోన్లను కూడా సముద్రంలో ముంచవద్దు. ఐపీ రేటింగ్ (నీటిని, దుమ్మును ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తింపు) పరీక్షలు మంచినీటితో చేసేవి, పైగా లోపలి రబ్బరు, జిగురు కాలంతో పాటు వదులవుతాయి. ఆర్కే బీచ్‌లో కెరటాల మధ్య ఫోటోలు తీసుకున్నాక తడిసిన ఫోన్‌ను వెంటనే ఛార్జింగ్‌లో పెట్టకండి.

వేడి విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఐఫోన్లను 35 డిగ్రీల సెల్సియస్ లోపు వాతావరణంలో వాడాలని యాపిల్ చెబుతోంది, మన మే నెల మధ్యాహ్నాలు ఆ పరిమితిని సులువుగా దాటుతాయి. బండి ముందు భాగంలో ఎండలో ఫోన్ బిగించి దారి చూసుకునే డెలివరీ కుర్రాళ్ల బ్యాటరీలు తొందరగా చెడిపోవడానికి ఇదే కారణం.

## మరమ్మతు చేయించాలనుకున్నప్పుడు

బ్యాటరీ మారిస్తే ఇంకెంత కాలం వస్తుంది?

ఫోన్‌లోని లిథియం అయాన్ బ్యాటరీ వాడుకతోనూ, వయసుతోనూ సామర్థ్యం కోల్పోతుంది. నూటికి నూరు శాతం వాడకం పూర్తయితే, అది ఒకేసారి జరిగినా రెండు మూడు రోజుల్లో కలిపి జరిగినా, ఒక సైకిల్‌గా లెక్కిస్తారు. ఐఫోన్ 14, అంతకు ముందు మోడళ్ల బ్యాటరీ 500 సైకిళ్ల తరువాత, ఐఫోన్ 15 మోడళ్ల బ్యాటరీ 1,000 సైకిళ్ల తరువాత 80 శాతం సామర్థ్యం నిలుపుకొనేలా రూపొందించామని యాపిల్ ప్రకటించింది. రోజుకు ఒక సైకిల్ వాడేవారికి 500 సైకిళ్లంటే ఏడాది నాలుగు నెలల పైచిలుకు.

మంచి బ్యాటరీ వేయిస్తే మామూలు వాడకంలో మరో రెండేళ్లు ధీమాగా లెక్క వేసుకోవచ్చు. ఆ రెండేళ్లలో భద్రతా అప్‌డేట్లు కూడా వచ్చే మోడల్ అయితే అది డబ్బుకు తగిన పని. రాత్రంతా దిండు కింద ఛార్జింగ్‌లో ఉంచే అలవాటు మానుకొని, ఎక్కువ సమయం 20 నుంచి 80 శాతం మధ్య ఉంచగలిగితే కొత్త బ్యాటరీ ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది.

సర్వీస్ సెంటర్‌లోనే మార్పించాలా? బయట దుకాణంలో వేయిస్తే ఏమవుతుంది?

కంపెనీ బ్యాటరీ దొరుకుతున్నంత కాలం, ధర కొంత ఎక్కువైనా, అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే వేయించమని నా సలహా. డాబాగార్డెన్స్, జగదాంబ కూడలి పరిసరాల్లో చేయి తిరిగిన మెకానిక్‌లు ఉన్నారు, వారి పనితనం మీద నాకు గౌరవం ఉంది. చిక్కు అంతా వారికి అందే విడిభాగాల దగ్గరే వస్తుంది. మూడేళ్ల కింద ఒక దుకాణంలో మా అత్తయ్యగారి ఫోన్‌కు ఒరిజినల్ అని చెప్పి వేసిన బ్యాటరీ ఎనిమిది నెలల్లో ఉబ్బి, వెనుక మూతను పైకి లేపింది. బిల్లు తీసుకోకపోవడం నా తప్పు, అందువల్ల అడగడానికి ఆధారం లేకపోయింది.

బయట చేయించక తప్పనప్పుడు బిల్లు మీద విడిభాగం పేరు, వారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి, పాత బ్యాటరీని మీ ముందే తీయమని అడగండి. మీ పిన్ నంబరును మెకానిక్‌కు చెప్పవద్దు. పరీక్షించడానికి ఫోన్ తెరవవలసి వస్తే మీరే తెరిచి ఇవ్వండి. విడిభాగాలు, మరమ్మతుల సమాచారం కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. ఫిర్యాదు చేయవలసి వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఫోన్ వెనుక భాగం ఉబ్బినట్లు ఉంది. ఇంకొన్నాళ్లు వాడవచ్చా?

ఒక్క రోజు కూడా వాడకూడదు. బ్యాటరీ లోపల వాయువు చేరడం వల్ల అలా ఉబ్బుతుంది, గుచ్చుకున్నా వంగినా మంటలు లేచే ప్రమాదం ఉంది. ఛార్జింగ్ పెట్టకుండా, స్విచ్ఛాఫ్ చేసి, గట్టి నేల మీద, బట్టలకు, పరుపులకు దూరంగా ఉంచి, వీలైనంత త్వరగా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. చెత్తబండిలో వేయవద్దు, చెత్తను నొక్కేటప్పుడు అది పేలితే ఆ పని చేసే కార్మికుల ప్రాణాలకు ముప్పు.

డిస్‌ప్లే పగిలింది. ఖర్చు ఎంత దాటితే మరమ్మతు మానుకోవాలి?

మొత్తం సొమ్ము చూస్తే తేలదు, నెలకు ఎంత పడుతోందో లెక్క వేయండి. ఉదాహరణకు 4,000 రూపాయలు పెట్టి డిస్‌ప్లే కాంబో (పై అద్దం, తెర కలిసి ఉండే భాగం) మార్పిస్తే ఫోన్ ఇంకా రెండేళ్లు వస్తుందనుకుంటే నెలకు సుమారు 167 రూపాయలు పడుతుంది. 18,000 రూపాయల కొత్త ఫోన్ నాలుగేళ్లు వస్తుందనుకుంటే నెలకు 375. ఈ పరిస్థితిలో మరమ్మతే మేలు. అదే ఫోన్ అప్‌డేట్లు ఆరు నెలల్లో ఆగిపోతాయంటే ఆ 4,000 రూపాయలను ఆరు నెలలకే పంచాలి, నెలకు 667 అవుతుంది, అప్పుడు కొత్తది కొనడమే చవక.

## కొత్తది కొనాలనుకున్నప్పుడు

5జీ కోసం 4జీ ఫోన్ మార్చాలా?

5జీ ఒక్కదాని కోసం మార్చనక్కర్లేదు. దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబరు 1న మొదలయ్యాయి, అదే ఏడాది డిసెంబరులో విశాఖకు వచ్చాయి. అయినా రైతుబజారులో స్కాన్ చేసి డబ్బు కట్టడానికి, వీడియో కాల్ మాట్లాడటానికి, బస్సు టికెట్ తీయడానికి 4జీ వేగం పూర్తిగా సరిపోతుంది. ఇంట్లో వైఫై లేకుండా ఫోన్ డేటాతోనే పిల్లలు ఆన్‌లైన్ పాఠాలు వింటున్నారంటే, లేదా మీరు ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ ఇచ్చుకొని పనిచేస్తున్నారంటే 5జీ నిజంగా ఉపయోగపడుతుంది.

తొలినాళ్ల 5జీ ఫోన్ సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు ఒక సంగతి గమనించాలి. జియో స్టాండలోన్ (4జీ నెట్‌వర్క్ మీద ఆధారపడని) పద్ధతిలో 5జీ ఇస్తోంది, ఎయిర్‌టెల్ నాన్ స్టాండలోన్ (4జీ నెట్‌వర్క్ మీద ఆధారపడే) పద్ధతిలో ప్రారంభించింది. స్టాండలోన్ మద్దతు లేని ఫోన్‌లో జియో సిమ్ వేస్తే 4జీ మాత్రమే వస్తుంది.

దుకాణంలో కెమెరా, ర్యామ్ గురించే చెబుతున్నారు. అసలు ఏం చూసి కొనాలి?

ఆ మోడల్‌కు భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం వరకు ఇస్తామని కంపెనీ రాతపూర్వకంగా ప్రకటించిందో ముందు చూడండి. 2023లో వచ్చిన పిక్సెల్ 8కు గూగుల్, 2024 జనవరిలో వచ్చిన గెలాక్సీ ఎస్24కు శాంసంగ్ ఏడేళ్ల చొప్పున ప్రకటించాయి; తక్కువ ధర ఫోన్లలో ఈ గడువు చాలా చిన్నదిగా ఉంటుంది. సాధారణంగా ఈ గడువు మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్కకు వస్తుంది గాని మీరు కొన్న రోజు నుంచి కాదు. పండుగ ఆఫర్లో సగం ధరకు దొరికే రెండేళ్ల నాటి మోడల్‌ను కొనే ముందు ఆ రెండేళ్లు తీసివేసి చూస్తే అసలు ధర ఎంతో తెలుస్తుంది.

తరువాత చూడవలసింది స్టోరేజీ. 128 జీబీకి తగ్గితే మూడో ఏటికి ఇబ్బంది మొదలవుతుంది. మీ ఇంటికి దగ్గరలో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందా అన్నది కూడా అడగండి.

సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనవచ్చా?

కొనవచ్చు, కాని దొంగ ఫోన్ కాదని తేల్చుకున్న తరువాతే. డయల్ ప్యాడ్‌లో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే 15 అంకెల ఐఎంఈఐ గుర్తింపు నంబరు కనిపిస్తుంది; బిల్లు, పెట్టె మీద ఉన్న నంబరుతో అది సరిపోవాలి. ఆ నంబరును కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో నో యువర్ మొబైల్ అన్న చోట ఇస్తే, దాన్ని బ్లాక్ చేశారో లేదో తెలుస్తుంది. బిల్లు లేదని చెప్పేవారి దగ్గర ధర ఎంత తగ్గించినా కొనకండి.

## మార్చేటప్పుడు, మార్చిన తరువాత

కొత్త ఫోన్‌లోకి వెళ్లేటప్పుడు యూపీఐ, వాట్సాప్, ఫోటోలు పోకుండా ఏం చేయాలి?

పాత ఫోన్ చేతిలో ఉండగానే అన్నీ పూర్తిచేయడం ముఖ్యం. వాట్సాప్ చాట్ల బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఖాతాలో ఉచితంగా వచ్చే 15 జీబీలోనే లెక్కకు వస్తుంది, కాబట్టి అక్కడ జాగా లేకపోతే బ్యాకప్ ఆగిపోతుంది. అటువంటప్పుడు వాట్సాప్ సెట్టింగ్స్‌లో ట్రాన్స్‌ఫర్ చాట్స్ ఎంచుకొని, రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి క్యూఆర్ కోడ్ ద్వారా నేరుగా మార్చుకోవచ్చు.

యూపీఐ యాప్ మీ సిమ్ నుంచి సందేశం పంపి నంబరును నిర్ధారిస్తుంది, కాబట్టి బ్యాంకులో నమోదైన సిమ్ కొత్త ఫోన్‌లో ఉండాలి, సందేశం పంపడానికి బ్యాలెన్స్ ఉండాలి. ఫోన్ మార్చాక తొలి 24 గంటలు సాధారణంగా 5,000 రూపాయల వరకే పంపగలరు. కళాశాల ఫీజు కట్టవలసిన రోజునో, ఆసుపత్రిలో ఎవరైనా ఉన్నప్పుడో ఫోన్ మార్చకండి. ఓటీపీ కోడ్‌లు తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ వాడేవారు దాన్ని పాత ఫోన్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. ఇది మరచిపోయి ఖాతాలు కోల్పోయిన వారిని చూశాను.

పాత ఫోన్ అమ్మే ముందు అంతా డిలీట్ చేస్తే చాలా?

చాలదు. యూపీఐ యాప్‌లలో ఖాతాను తొలగించి, గూగుల్ ఖాతాను సెట్టింగ్స్ నుంచి తీసివేసి, ఐఫోన్ అయితే ఫైండ్ మై (పోయిన ఫోన్‌ను వెతికే సదుపాయం) ఆపివేసి, ఆ తరువాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే కొన్నవారికి ఫోన్ తెరుచుకోకపోవచ్చు, వారు మీ పాస్‌వర్డ్ కోసం ఫోన్ చేస్తారు. అప్పుడు కూడా ఎవరికీ చెప్పవద్దు. ఇప్పటి ఫోన్లలో సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి రీసెట్ తరువాత దాన్ని తిరిగి తీయడం అసాధ్యమంత కష్టం. సిమ్, మెమరీ కార్డు మాత్రం చేతితో తీసుకోవాలి. పనికిరాని ఫోన్‌ను తీసుకోవలసిన బాధ్యత 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల (ఎలక్ట్రానిక్ వ్యర్థాల) నిబంధనల ప్రకారం తయారీ సంస్థల మీద ఉంది.

అమ్మితే పెద్దగా రావడం లేదు. ఇంట్లోనే ఉంచుకుంటే ఏమైనా పనికొస్తుందా?

బ్యాటరీ ఉబ్బకుండా ఉంటే తప్పకుండా ఉంచుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు కూలి, రోజుల తరబడి ఇంట్లో చీకటి, ఫోన్‌లో నిశ్శబ్దం. ఆ వారంలో ఛార్జింగ్ మిగిలి ఉన్న రెండో ఫోన్ విలువ ఎంతో మా కుటుంబానికి తెలుసు. ఖాతాలన్నీ తీసివేసిన పాత ఫోన్‌లో ఎఫ్ఎం రేడియో ఉందేమో చూడండి. చాలా పాత మోడళ్లలో అది ఉండేది, ఇయర్‌ఫోన్ తగిలిస్తే నెట్ లేకున్నా వార్తలు వినవచ్చు. బంధువుల నంబర్లు, ఇంటి పత్రాల ఫోటోలు అందులో వేసి, స్విచ్ఛాఫ్ చేసి, బ్యాటరీ సగం వరకు నింపి పొడిచోట ఉంచండి. పూర్తిగా ఖాళీ చేసి దాస్తే బ్యాటరీ మళ్లీ లేవకపోవచ్చు. రెండు మూడు నెలలకు ఒకసారి తీసి మళ్లీ సగం వరకు ఛార్జ్ చేసి, అక్టోబరు రాగానే తుపాను హెచ్చరికలు వెలువడిన రోజున పూర్తిగా నింపుకోండి.